కరిగిన లోహంలో పెరిగే అయస్కాంత స్ఫటికాలు

హైదరాబాద్‌లో అయస్కాంతాల ప్రస్తావన వస్తే ముందు గుర్తొచ్చేది కంచన్‌బాగ్. రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల డీఎంఆర్‌ఎల్ అక్కడే ఉంది. సమారియం-కోబాల్ట్, నియోడిమియం-ఐరన్-బోరాన్ అయస్కాంతాల మీద ఆ సంస్థ దశాబ్దాలుగా పనిచేస్తోంది. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పదార్థాల పరిశోధన కేంద్రం కూడా ఇదే దారిలో ఉంది. విశాఖపట్నంలో సమారియం-కోబాల్ట్ అయస్కాంతాల ప్లాంటును 2023 మేలో జాతికి అంకితం చేశారు. 2025 ఏప్రిల్‌లో సమారియం, నియోడిమియం లాంటి రేర్ ఎర్త్ మూలకాల్లో ఏడింటి ఎగుమతులపై చైనా ఆంక్షలు పెట్టాక, అప్పటిదాకా ల్యాబుల్లో మాత్రమే వినిపించిన డిస్‌ప్రోసియం, టెర్బియం లాంటి పేర్లు బిజినెస్ పేజీలకెక్కాయి.

ఈ చర్చంతా టన్నుల్లో, కోట్ల రూపాయల్లో నడుస్తుంది. దాని అడుగున మిల్లీగ్రాముల్లో జరిగే పని ఒకటుంది, దాని ఊసు ఎక్కడా రాదు. ఒక పదార్థం ఏ దిశలో ఎంత బలమైన అయస్కాంతం, ఏ ఉష్ణోగ్రత దగ్గర దాని స్వభావం మారుతుంది, ఆ బలం ఏ పరమాణువు నుంచి వస్తోంది అన్నవి తేల్చేది రెండు మూడు మిల్లీమీటర్ల స్ఫటికం ముక్క. అది సరిగ్గా పెరగకపోయినా, పెరిగినదాన్ని సరిగ్గా పరీక్షించకపోయినా, ఆ తర్వాత ఖరీదైన పరికరాల్లో చేసే కొలతలన్నీ వృథా. పరిశోధన పత్రంలో స్ఫటికం పెంపకానికి దక్కేది సాధారణంగా ఒక్క పేరా. ఫలితం నిలబడుతుందా లేదా అన్నది మాత్రం చాలావరకు ఆ పేరాలోనే ఉంటుంది.

మార్కెట్లో దొరికే నియోడిమియం అయస్కాంతం ఒకే స్ఫటికం కాదు. కొన్ని మైక్రాన్ల సైజున్న లెక్కలేనన్ని రేణువులను అయస్కాంత క్షేత్రంలో ఒకే వైపు తిప్పి, గట్టిగా నొక్కి, ఫర్నేస్‌లో కాల్చి చేసిన ముద్ద. రేణువు లోపల సహజంగా ఉన్న బలం ఎంత, రేణువుల మధ్య సరిహద్దుల్లో పోయింది ఎంత అన్నది ఆ ముద్దను కొలిచి విడదీయలేం. అందుకు సరిహద్దులే లేని ముక్క కావాలి. పరమాణువుల వరుస ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా దిశ మారకుండా సాగే ముక్క. అదే ఏకస్ఫటికం. ల్యాబుల్లో అందరూ సింగిల్ క్రిస్టల్ అనే అంటారు.

నియోడిమియం సమ్మేళనం 1984లో లోకానికి తెలిసింది. రెండు నియోడిమియం, పద్నాలుగు ఇనుము, ఒక బోరాన్ దాని ఫార్ములా. అలాంటివి నాలుగు కలిస్తే 68 పరమాణువుల యూనిట్ సెల్, అంటే స్ఫటికమంతా మళ్లీ మళ్లీ వచ్చే అతి చిన్న గడి, అవుతుంది. అయస్కాంతత్వం ఆ సెల్‌లో పొడవుగా ఉండే సీ అక్షం వెంట నిలుస్తుంది. దాన్ని అక్కడి నుంచి అడ్డంగా తిప్పాలంటే గది ఉష్ణోగ్రత దగ్గర 7 టెస్లాకు (టెస్లా క్షేత్ర బలానికి కొలమానం) పైగా క్షేత్రం కావాలి. ఒక సమారియానికి అయిదు కోబాల్ట్ ఉన్న సమ్మేళనంలోనైతే ఈ అంకె 25 టెస్లాను దాటుతుంది. దిశను బట్టి మారే ఈ గుణాన్ని అనైసోట్రపీ అంటారు. శాశ్వత అయస్కాంతానికి ప్రాణం ఇదే. ఫ్యాక్టరీలో తయారయ్యే అయస్కాంతం ఎదురు క్షేత్రాన్ని తట్టుకునే శక్తి ఈ సహజ హద్దులో మూడో వంతు అందుకోవడమే కష్టం. ఎంత పోతోందో లెక్క కట్టాలంటే ముందు హద్దు తెలియాలి. ఆ హద్దును చెప్పింది సింగిల్ క్రిస్టల్ మీద చేసిన కొలతలే.

ఇదే స్ఫటికాన్ని 135 కెల్విన్, అంటే మైనస్ 138 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి చల్లారిస్తే ఇంకో విషయం బయటపడుతుంది. అయస్కాంతత్వం సీ అక్షాన్ని వదిలి పక్కకు వాలడం మొదలుపెడుతుంది. 4 కెల్విన్‌కు చేరేసరికి దాదాపు 30 డిగ్రీలు ఒరుగుతుంది. ఎలక్ట్రాన్లను తిప్పి ఎక్స్-రేలు పుట్టించే సింక్రోట్రాన్లలో, ద్రవ నైట్రోజన్‌తో చల్లార్చి వాడే అండ్యులేటర్లనే అయస్కాంతాల వరుసలకు నియోడిమియం బదులు ప్రసియోడిమియం అయస్కాంతాలను ఎంచుకునేది ఇందుకే. అక్షాలు తెలిసిన ఒక స్ఫటికాన్ని కొలవకుండా ఈ ఒరుగుడు ఎటు, ఎంత అన్నది తేలదు.

ఈ నియోడిమియం సమ్మేళనం లాంటివాటిని ఇంటర్‌మెటాలిక్ సమ్మేళనాలు అంటారు. ఇత్తడిలో రాగి, జింకు పాళ్లను కొంతమేర అటూ ఇటూ మార్చుకోవచ్చు. వీటిలో ఆ స్వేచ్ఛ చాలా తక్కువ. ఏ మూలకం ఎన్ని పాళ్లు, ఏది ఏ స్థానంలో కూర్చోవాలి అన్నది నిర్మాణమే నిర్ణయిస్తుంది. గడోలినియం, హోల్మియం లాంటి రేర్ ఎర్త్ మూలకాల అయస్కాంతత్వం పరమాణువు లోపలి పొరలో దాగి ఉంటుంది. ఒక పరమాణువుది ఇంకోదానికి నేరుగా తగలదు. మధ్యలో తిరిగే విద్యుత్ వాహక ఎలక్ట్రాన్లే కబురు మోస్తాయి. అందుకే పరమాణువుల మధ్య దూరం కొద్దిగా మారినా, పక్కన నికెల్ బదులు పల్లాడియం కూర్చున్నా మొత్తం కథ మారిపోతుంది. భౌతిక శాస్త్రవేత్తలు ఈ సమ్మేళనాలను వదలకుండా పట్టుకోవడానికి కారణం ఈ వైవిధ్యమే.

ఇక పెంచడం. కావలసిన పాళ్లలో లోహాలను కరిగించి చల్లారిస్తే కావలసిన సమ్మేళనమే వస్తుందనుకోవడం సహజం. చాలా సందర్భాల్లో రాదు. నియోడిమియం సమ్మేళనాన్నే తీసుకుంటే, కరిగిన ద్రవం చల్లారేటప్పుడు ముందు ఇనుము ఘనమై విడిపోతుంది. 1180 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చాకే ఆ ఇనుము, మిగిలిన ద్రవం కలిసి అసలు సమ్మేళనం పుడుతుంది. ఆ మార్పు పూర్తిగా జరగదు కాబట్టి లోపల ఇనుము గింజలు మిగిలిపోతాయి. అయస్కాంతత్వం కొలవబోయే స్ఫటికంలో ఇనుము గింజలుంటే ఆ కొలత దేనికీ పనికిరాదు. ఏ ఉష్ణోగ్రతలో ఏ ద్రవం నుంచి ఏ ఘనం బయటికొస్తుందో చూపే పటం, ఫేజ్ డయాగ్రాం, ముందు చేతిలో ఉండాలి. రెండు మూలకాల పటాలు పుస్తకాల్లో దొరుకుతాయి. మూడు మూలకాలవి కొన్నే ఉన్నాయి. నాలుగంటే దాదాపు లేనట్టే. అక్కడి నుంచి అనుభవమే దిక్కు.

దీనికి ఎక్కువ ల్యాబులు పట్టుకున్న దారి ఫ్లక్స్ పద్ధతి. చిక్కటి చక్కెర పాకంలో దారం వేలాడదీసి కదపకుండా వదిలేస్తే పటికబెల్లం కట్టినట్టు, కరిగిన తగరంలోనో బిస్మత్‌లోనో ఇండియంలోనో మిగతా లోహాలను కరగనిచ్చి మెల్లగా చల్లారిస్తే సమ్మేళనం స్ఫటికాలుగా విడివడుతుంది. 1992లో పాల్ కాన్‌ఫీల్డ్, జాకరీ ఫిస్క్ ఈ పద్ధతి మీద రాసిన పత్రాన్ని ఈ రంగంలోకి వచ్చే విద్యార్థులు ఇప్పటికీ ముందుగా చదువుతారు. ఇలా ద్రావణిగా, అంటే ఫ్లక్స్‌గా, పనికొచ్చే లోహానికి కొన్ని లక్షణాలుండాలి. తక్కువ వేడికి కరగాలి. మిగతావాటినన్నిటినీ తనలో కలుపుకోవాలి. తానే ముందుపడి వాటిలో ఒకదానితో వేరే సమ్మేళనం కట్టేయకూడదు. పని అయ్యాక సులువుగా వదిలిపోవాలి. తగరం 232 డిగ్రీలకు, ఇండియం 157కు, బిస్మత్ 271కు కరుగుతాయి. గాలియం 30 డిగ్రీలలోపే, అంటే హైదరాబాద్ ఎండాకాలంలో బల్ల మీదే కరిగిపోతుంది.

ఒక ఉదాహరణను దగ్గరగా చూస్తే పని ఎలా ఉంటుందో తెలుస్తుంది. గడోలినియం, ప్లాటినం, బిస్మత్ ఒక్కో పాలుగా ఉన్న సమ్మేళనం 9 కెల్విన్ దగ్గర యాంటీఫెర్రో అయస్కాంతంగా, అంటే పరమాణువుల దిశలు ఎదురెదురుగా నిలిచి ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా, మారుతుంది. దీన్ని బిస్మత్‌లోనే పెంచుతారు. ఫ్లక్స్ కూడా సమ్మేళనంలో భాగమే కాబట్టి బయటి మూలకం చొరబడే ప్రమాదం ఉండదు. పాళ్లు 1:1:20 అనుకుంటే, 10 గ్రాముల బిస్మత్‌కు గడోలినియం 0.376 గ్రాములు, ప్లాటినం 0.467 గ్రాములు పడుతుంది. గడోలినియం ముక్క పైన పట్టిన నల్లటి ఆక్సైడ్ పొరను ఆకురాయితో గీకి, గాలి తగలకముందే తూచాలి. మూడింటినీ అల్యూమినా క్రూసిబుల్ అనే మూసలో వేసి, పైన క్వార్ట్జ్ ఊలు కుక్కి, దాన్ని క్వార్ట్జ్ ట్యూబులో దింపుతారు. ట్యూబులోని గాలిని పంపుతో లాగేసి, కొద్దిగా ఆర్గాన్ నింపి, మంటతో మూతి కరిగించి మూసేస్తారు. క్వార్ట్జ్ 1200 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది కాబట్టి సాధారణంగా 1150 దగ్గర ఆగుతారు. ఆ వేడిలో ఒక రోజంతా ఉంచి, తర్వాత గంటకు 2 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ వస్తారు. 650 డిగ్రీలకు చేరడానికి పది రోజులకు పైనే పడుతుంది.

అంత నిదానం దేనికంటే, ద్రవం త్వరగా చల్లారితే ఒకేసారి వందలచోట్ల స్ఫటిక బీజాలు పుడతాయి. ఉన్న పదార్థాన్ని అవన్నీ పంచుకుంటే ఇసుక రేణువుల్లాంటివే మిగులుతాయి. మెల్లగా చల్లారితే మొదట పుట్టిన కొన్ని బీజాలే అంతా తీసుకుని పెద్దవవుతాయి. ఈ పది రోజుల్లో కరెంటు పోకూడదు. ఫర్నేస్ వెనుక నమ్మదగిన యూపీఎస్ లేని ల్యాబులో ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది. ఒక్క గంట ఆగిపోయి మళ్లీ వేడెక్కితే స్ఫటికం పైపొర కరిగి, కొత్త బీజాలు పుట్టి, లోపల ఒక కూర్పు, పైన ఇంకో కూర్పు ఉన్న ముక్క తయారవుతుంది. చూడ్డానికి తేడా తెలియదు, కొలతల్లో తెలుస్తుంది.

చివరి అడుగు క్షణాల్లో అయిపోతుంది, టెన్షన్ మాత్రం అంతా దానిదే. మెరుస్తున్న ట్యూబును ఫర్నేస్ నుంచి బయటికి తీసి, తలకిందులుగా సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి తిప్పుతారు. ద్రవ బిస్మత్ ఊలు గుండా అవతలికి జారిపోతుంది, స్ఫటికాలు ఇవతల నిలుస్తాయి. ఆలస్యమైతే బిస్మత్ గడ్డకట్టి వాటిని లోపలే బంధిస్తుంది. పైగా నీటిలాగే బిస్మత్ కూడా గడ్డకట్టేటప్పుడు వ్యాకోచిస్తుంది. క్రూసిబుల్‌నే పగలగొట్టగలదు.

అన్ని మూలకాలూ ఇంత మర్యాదగా ఉండవు. సీరియం, నియోడిమియం లాంటివి ద్రవంలో ఎక్కువ పాళ్లలో ఉంటే అల్యూమినాలోని ఆక్సిజన్‌ను లాగేసుకుని క్రూసిబుల్‌నే తినేస్తాయి. అప్పుడు టాంటలం గొట్టాలు కావాలి, వాటిని ఆర్గాన్‌లో ఆర్క్ వెల్డింగ్‌తో మూయాలి. యూరోపియం, ఇటెర్బియం, మాంగనీస్ త్వరగా ఆవిరైపోతాయి. తూచి వేసింది ఒక పాళ్లైతే ద్రవంలో మిగిలేది ఇంకో పాళ్లు.

మిగతా పద్ధతులకు వాటి చోటు వాటికుంది. నేరుగా అదే కూర్పుతో గడ్డకట్టే సమ్మేళనమైతే, కరిగిన ద్రవాన్ని చిన్న బీజంతో తాకించి పైకి లాగే చోక్రాల్‌స్కీ పద్ధతి వాడొచ్చు. దాని మూలాలు 1916 నాటివి. ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్‌లో నాలుగు ఆర్కులతో కరిగించే టెట్రా-ఆర్క్ ఫర్నేస్‌లో రేర్ ఎర్త్ సమ్మేళనాలను ఇలాగే లాగుతారు. అద్దాలతో కాంతిని ఒక కడ్డీ మీద కేంద్రీకరించి, కరిగిన పట్టీని నెమ్మదిగా జరిపే ఫ్లోటింగ్ జోన్ పద్ధతిలో క్రూసిబుల్ అవసరమే లేదు. వేళ్లంత పెద్ద స్ఫటికాలు కావాలంటే అదే దారి. బ్రిడ్జ్‌మన్ పద్ధతి సంగతి కిందికి వస్తుంది.

సెంట్రిఫ్యూజ్ నుంచి వచ్చిన మెరిసే ముక్కను చూసి పని అయిపోయిందనుకోవడమే ఈ రంగంలో అతి పెద్ద ప్రమాదం. అందంగా ఉన్నదల్లా కావలసిన సమ్మేళనం కానక్కర్లేదు. ముందు మైక్రోస్కోప్ కింద ముఖాలు చూడాలి, మూలల్లో అంటిన ఫ్లక్స్ చుక్కలు వెతకాలి. ఒక చిన్న ముక్కను పొడిచేసి ఎక్స్-రే డిఫ్రాక్షన్ తీస్తే నిర్మాణం తేలుతుంది. ఆ పద్ధతి కంట పడకుండా ఒకటి రెండు శాతం మలినం తప్పించుకోగలదు. తర్వాత లావే ఫొటో. స్ఫటికాన్ని కదలకుండా నిలిపి రకరకాల తరంగదైర్ఘ్యాలు కలిసిన తెల్ల ఎక్స్-రేను పంపితే వెనక్కి వచ్చే చుక్కల్లో దాని సౌష్ఠవం కనిపిస్తుంది. చుక్కలు గుండ్రంగా, స్పష్టంగా ఉంటే మంచిది. సాగదీసినట్టో, జంటలుగానో ఉంటే ఒకటి కాదు, రెండు స్ఫటికాలు అతుక్కుని పెరిగాయన్నమాట. అక్షాలు గుర్తించాక స్పార్క్ కటింగ్‌తోనో వైరు రంపంతోనో కోస్తారు.

ఆ తర్వాత అయస్కాంత కొలత. ఇక్కడ గడోలినియం ఒక మంచి పరీక్ష పెడుతుంది. దాని ఎలక్ట్రాన్ పొర సగం నిండి గోళంలా ఉంటుంది. అందుకే అయస్కాంత క్రమం ఏర్పడే ఉష్ణోగ్రతకు బాగా పైన ఏ దిశలో కొలిచినా ససెప్టిబిలిటీ, అంటే క్షేత్రానికి పదార్థం స్పందించే తీరు, దాదాపు ఒకటే రావాలి. ఉష్ణోగ్రతతో అది మారే గీత నుంచి లెక్కగట్టే మూమెంటు, అంటే అయస్కాంత బలం, ఒక్కో పరమాణువుకు 7.94 బోర్ మాగ్నెటాన్ల (ఆ బలానికి ప్రమాణం) దగ్గర ఉండాలి. రెండు దిశల్లో గీతలు విడిపోతే కొత్త భౌతికశాస్త్రం దొరికిందని సంబరపడేముందు ముక్క బరువు, అతికించిన తీరు, ఆకారం వల్ల వచ్చే డీమాగ్నెటైజేషన్ సవరణ, లోపల దాగిన ఇనుము చూసుకోవాలి. మూమెంటు 7.2 వచ్చిందంటే బహుశా తూచినదాంట్లో కొంత భాగం సమ్మేళనం కాదు, అంటుకున్న ఫ్లక్స్. నియోడిమియం, టెర్బియం, డిస్‌ప్రోసియాలకు ఈ వెసులుబాటు లేదు. వాటికి దిశాభేదం సహజం కాబట్టి అన్ని దిశల సగటు తీశాకే మూమెంటు లెక్కించాలి.

తప్పుదారి పట్టించే సంకేతాలను పరిశోధకులు కంఠతా పట్టి ఉంచుకుంటారు. 3.7 కెల్విన్ దగ్గర విద్యుత్ నిరోధం ఒక్కసారిగా పడిపోతే అది అతివాహకత (నిరోధం పూర్తిగా మాయమవడం) నిజమే, కానీ స్ఫటికానిది కాకపోవచ్చు. పగుళ్లలో చిక్కుకున్న తగరానిది. ఇండియానికి ఆ అంకె 3.4, సీసానికి 7.2. సుమారు 50 కెల్విన్ దగ్గర చిన్న గుబ్బ కనిపిస్తే కొలత గదిలోకి గాలి దూరి, దానిలోని ఆక్సిజన్ గడ్డకట్టి ఉండొచ్చు. క్షేత్రాన్ని బట్టి ససెప్టిబిలిటీ మారుతూ, గది ఉష్ణోగ్రతలోనూ అలాగే ఉంటే ఇనుము అనుమానించాలి. అది స్టీల్ ట్వీజర్స్ నుంచి రాలిన పొడి అయినా కావచ్చు. ఇలాంటి గుర్తులను గమనించక కొత్త ఆవిష్కరణ అని ప్రకటించి, తర్వాత వెనక్కి తగ్గాల్సి వస్తే పోయేది ఆ ల్యాబు పరువొక్కటే కాదు. ఆ ఫలితం మీద ఆధారపడి సిద్ధాంతం కట్టిన ఇంకో పదిమంది శ్రమ కూడా.

వీటన్నిటికంటే మోసానికి లొంగని కొలత హీట్ కెపాసిటీ, అంటే ఒక డిగ్రీ వేడెక్కడానికి ముక్క తీసుకునే వేడి. తగరపు చుక్క పలచని పొరగా పాకితే నిరోధాన్ని సున్నా చేయగలదు, ముక్క మొత్తం తీసుకునే వేడిని మాత్రం మార్చలేదు. అయస్కాంత క్రమం నిజంగా మొత్తం స్ఫటికంలో ఏర్పడితే ఆ ఉష్ణోగ్రత దగ్గర పదునైన శిఖరం వస్తుంది. దాని కింద ఉన్న ఎంట్రపీని, అంటే అస్తవ్యస్తత కొలతను, కూడితే గడోలినియానికి మోలుకు 17.3 జౌళ్లు పర్ కెల్విన్ రావాలి. ఎనిమిది స్పిన్ స్థితులకు తగ్గ లెక్క అది. సగమే వస్తే సగం కథ ఇంకా దొరకలేదని అర్థం.

స్ఫటికం నాణ్యత ఫలితాన్ని ఎంత మార్చగలదో చెప్పడానికి సీరియం-రాగి-సిలికాన్ సమ్మేళనం కంటే మంచి ఉదాహరణ లేదు. 1979లో జర్మనీలో ఫ్రాంక్ స్టెగ్లిచ్ బృందం ఇందులో 0.5 కెల్విన్ పరిసరాల్లో అతివాహకత చూసింది. అయస్కాంత పరమాణువులు అతివాహకతకు శత్రువులన్నది అప్పటి నమ్మకం. ఇందులోనేమో ప్రతి సెల్‌లోనూ సీరియం ఉంది. చాలామంది నమ్మలేదు. పైగా మొదట్లో పెంచిన సింగిల్ క్రిస్టల్స్‌లో అతివాహకత కనిపించలేదు. 1984లో రాగి కాస్త ఎక్కువ వేసి పెంచిన స్ఫటికాల్లో అది కనిపించాకే అనుమానాలు తగ్గాయి. అప్పటినుంచి బయటపడింది ఏమిటంటే, రాగి రవ్వంత ఎక్కువైతే ఈ పదార్థం అతివాహకం, రవ్వంత తక్కువైతే యాంటీఫెర్రో అయస్కాంతం. ఆ తేడా మామూలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు తగిలించే కూర్పు పరీక్షకు అందనంత చిన్నది. రెండు ల్యాబులు ఒకే పేరున్న పదార్థాన్ని కొలిచి వ్యతిరేక ఫలితాలు ప్రకటిస్తే ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు.

ఈ చరిత్రలో భారతదేశం వాటా చిన్నది కాదు. 1994లో టీఐఎఫ్‌ఆర్ పరిశోధకులు ఇట్రియం-నికెల్-బోరాన్-కార్బన్ వ్యవస్థలో 12 కెల్విన్ దగ్గర అతివాహకత కనుగొన్నారు. నికెల్ ఉన్న పదార్థంలో ఇంత ఎక్కువ ఉష్ణోగ్రత ఎవరూ ఊహించలేదు. ఇట్రియం చోట హోల్మియం పెడితే 8 కెల్విన్ దగ్గర మొదలైన అతివాహకత, 5 కెల్విన్ దగ్గర అయస్కాంత క్రమంతో తలపడి బలహీనపడి, మళ్లీ కోలుకుంటుంది. ఈ పోరును దిశలవారీగా విడదీసి చూడగలిగింది నికెల్-బోరాన్ ఫ్లక్స్‌లో సింగిల్ క్రిస్టల్స్ వచ్చాకే. గడోలినియం-పల్లాడియం-సిలికాన్ సమ్మేళనం కథా ఇలాంటిదే. దాని వింత ప్రవర్తనను టీఐఎఫ్‌ఆర్ వాళ్లు 1990ల చివర్లోనే గమనించి, దాని సింగిల్ క్రిస్టల్స్ మీద కొలతల్లోనూ భాగమయ్యారు. 2019లో జపాన్ బృందం అదే సమ్మేళనంలో స్కిర్మియాన్లనే అయస్కాంత సుడుల వరుసను చూపించింది. మంచి స్ఫటికం ఇరవై ఏళ్ల తర్వాత కూడా కొత్త ప్రశ్నకు జవాబిస్తుంది.

హైదరాబాద్ విషయానికొస్తే, ఈ పనికి కావలసిన విడిభాగాలన్నీ నగరంలో చెల్లాచెదురుగా ఉన్నాయి. లోహాన్ని మూసలో బంధించి మెల్లగా చల్లార్చే విద్య తెలంగాణకు కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. అక్కడి పద్ధతి మీద హెన్రీ వాయిసీ రాసిన వర్ణన 1832లో అచ్చయింది. ఇప్పటి సంగతి చూస్తే, డీఎంఆర్‌ఎల్ హెలికాప్టర్ ఇంజిన్ల కోసం నికెల్ సూపర్‌అల్లాయ్‌తో సింగిల్ క్రిస్టల్ టర్బైన్ బ్లేడ్లు చేసి, 2021 ఏప్రిల్ నాటికి 60 బ్లేడ్లను హెచ్‌ఏఎల్‌కు అందించింది. కరిగిన లోహాన్ని వేడి ప్రాంతం నుంచి చల్లటి ప్రాంతంలోకి నెమ్మదిగా దింపుతూ ఒకే స్ఫటికంగా గడ్డకట్టించడం దాని సూత్రం, అంటే బ్రిడ్జ్‌మన్ పద్ధతి కుటుంబమే. ఆ బ్లేడుకు బలాన్నిచ్చేది కూడా నికెల్-అల్యూమినియం ఇంటర్‌మెటాలిక్. అంత పెద్ద వస్తువును ఒకే స్ఫటికంగా పోయగలిగిన నగరంలో అయస్కాంత స్ఫటికాలు పెంచే ల్యాబులు ఇంకా చాలా ఉండాల్సింది.

అన్నిటికంటే ముందు తీరాల్సిన కొరత శుద్ధి. రేర్ ఎర్త్ లోహం సీసా మీద 99.9 శాతం అని ఉంటుంది. చాలాసార్లు ఆ అంకె మిగతా రేర్ ఎర్త్‌లతో పోల్చి చెప్పింది మాత్రమే. ఆక్సిజన్, హైడ్రోజన్, నైట్రోజన్ అందులో లెక్కకు రావు. గడోలినియంలో బరువు ప్రకారం 0.1 శాతం ఆక్సిజన్ ఉంటే, ఆక్సిజన్ తేలిక కాబట్టి పరమాణువుల లెక్కలో అది దాదాపు 1 శాతం అవుతుంది. ప్రతి వంద పరమాణువుల్లో ఒకటి మలినం! సీరియం సమ్మేళనం కథ తెలిసినవారికి దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు. చర్లపల్లిలోని సీ-మెట్ కేంద్రం పనే అతిశుద్ధ లోహాలు. న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కూ ప్రత్యేక పదార్థాల శుద్ధిలో సుదీర్ఘ అనుభవం ఉంది. అయస్కాంతాల కోసం దేశంలో పెరుగుతున్న రేర్ ఎర్త్ ఉత్పత్తిలో ఏటా కొన్ని కిలోలనైనా ఆక్సిజన్ తీసేసిన పరిశోధన స్థాయి లోహంగా మలిస్తే గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయానికీ, టీఐఎఫ్‌ఆర్ హైదరాబాద్‌కూ, కందిలోని ఐఐటీకీ విదేశీ సీసాల కోసం నెలల తరబడి ఎదురుచూసే అవసరం తగ్గుతుంది. అయస్కాంత పరిశ్రమకు పెడుతున్న డబ్బులో ఇది లెక్కలోకి రానంత చిన్న ఖర్చు.

పరమాణువుల అయస్కాంత దిశలను నేరుగా చూపే సాధనం న్యూట్రాన్. దేశంలో దానికి ముఖ్యమైన చోటు ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్. యూజీసీ-డీఏఈ కన్సార్షియం ద్వారా విశ్వవిద్యాలయాల వారు కూడా అక్కడ కొలతలు చేసుకోవచ్చు. కానీ గడోలినియం న్యూట్రాన్లను మింగేస్తుంది. నెమ్మదైన న్యూట్రాన్లకు ఇనుము అడ్డు (మింగే సామర్థ్యం) 2.56 బార్న్లయితే, సహజ గడోలినియం అడ్డు 49,000 బార్న్లకు పైమాటే. ఆ లోహంలోకి దూరిన న్యూట్రాన్లలో అధికభాగం పది మైక్రాన్లలోపే ఆగిపోతాయి. ఎంత చక్కగా పెరిగినా మూడు మిల్లీమీటర్ల స్ఫటికం ఆ కిరణానికి గోడ లాంటిదే. దారి ఉంది, న్యూట్రాన్లను దాదాపు మింగని గడోలినియం-160 ఐసోటోపుతో పెంచడం. అది చాలా ఖరీదు, పెంచాక మార్చుకోలేం. ఆక్సైడ్ గీకి, మొదటి 0.376 గ్రాములు తూచకముందే కొలిచేవారు, పెంచేవారు కూర్చుని మాట్లాడుకోవాల్సింది ఇందుకే.